నాలుగింటి మెసేజు

అయ్యలారా, అమ్మలారా! టైముకు దానంతటదే పనిచేసే కంప్యూటరు ఊరికి అరిష్టం. మనిషి ఎదురుగా కూచుంటే తప్ప కదలని కంప్యూటరే మేలు!

నవ్వుతున్నారా? ఆళ్లగడ్డ పక్క పల్లెలో దేవదానాన్ని అడగండి.

కాలవ చివర ఆయనకు ఎకరన్నర వరి ఉంది. పైరు పొట్ట మీదుంది. వారంలో ఒక్క తడి పడకుంటే తాలు తప్ప గింజ మిగలదు. రేపు నీళ్లు ఎవరి వంతో, రోజూ సాయంత్రం నాలుగింటికి రైతుసంఘం కంప్యూటరే ముప్ఫై మందికీ మెసేజు పంపాలని ఏర్పాటు.

పంపిందా? ఒక్కనాడూ పంపలేదు! ఆపరేటరు ప్రియదర్శిని తన చేత్తో నడిపిస్తే మాత్రం అందరి ఫోన్లూ టింగుమంటాయి.

"చూడు పెదనాయనా, బాగానే పోతాండాది కదా!"

"నువ్వుంటే పోతాండాది పాపా. కొత్తల్లుడు ఇది! ఎదురుగా నిలబడి 'తిను నాయనా' అనకుంటే ముద్ద ముట్టదు."

ప్రియదర్శినేమో మధ్యాహ్నమే నంద్యాల బస్సెక్కాలి. అందుకని ఆమె తెరిచిపెట్టిపోయిన స్క్రీను ముందు కూచుని మీట నొక్కడానికి రైతులే వంతులేసుకున్నారు. నీళ్ల వంతు చెప్పే యంత్రానికి మనుషుల వంతు!

ఎంత మేలు జరిగిందనుకున్నారు? గట్టు తగాదాతో ఆరేండ్లుగా మాటల్లేని అన్నదమ్ములు ఒకే పొట్లంలో బొరుగులు తిన్నారు. ఒకాయన స్క్రీనుకు ఎండ తగలకుండా గొడుగు పట్టాడు. ఇంకొకాయన మెసేజులు పోయేదాకా ఊపిరి బిగబట్టి, మూడోనాడు దబ్బున పడిపోయాడు. పాలు తాపింది నేనే!

అయితే ఒక ఆదివారం వంతు మనిషి పెండ్లికి పోయాడు. మెసేజు పోలేదు. సోమవారం దేవదానం వంతు ఆయనకు తెలియకుండానే దాటిపోయింది. ఇక ఆ వారంలో ఆయనకు మిగిలింది శుక్రవారం వంతు ఒక్కటే.

మంగళవారం ఆయన నంద్యాల పోయి, కంప్యూటర్లు బాగుచేసే సాజిద్‌ను బండెక్కించుకొని తెచ్చాడు.

"దాని గోడేందో ముందు దాంతోనే రాయిద్దాం అన్నా" అని, వచ్చే తప్పులన్నీ ఒక ఫైల్లో పడేట్టు చేశాడు సాజిద్. నాలుగయింది. ఒకే లైను పడింది: నంబర్ల లిస్టు కనబడలేదు.

"ఆయమ్మ లిస్టున్న ఫోల్డరు తెరుచుకొని, ఆడి నుంచి నడుపుతాది. టైముకు దానంతటది లేస్తే వేరేచోట లేస్తాది. లిస్టు యాడుందో దానికెవురు చెప్పినారు?"

లిస్టు ఏ ఫోల్డర్లో ఉందో పూర్తి అడ్రసు కంప్యూటర్లోనే రాసిపెట్టి వెళ్లిపోయాడు.

గురువారం నాలుగింటికి, కంప్యూటరు ముందు ఈగ కూడా లేదు, దేవదానం జేబులో టింగుమంది. రేపు ఉదయం ఆరింటికి దేవదానం వంతు!

చూశారా అనర్థం! అన్నదమ్ములు ఆ రోజు నుంచే మళ్లీ ఎడమొహం, పెడమొహం.

శుక్రవారం దేవదానం పార భుజానేసుకొని తూము దగ్గర నిలబడ్డాడు. ఆరయింది. ఏడయింది. కాలవలో పిచ్చుకలు దుమ్ములో పొర్లాడుతున్నాయి. రోజూ పై గేటు ఎత్తే లష్కరు ముందురోజే, నెలాఖరున రిటైరైపోయాడంట. ఆ తేదీ ముప్ఫై ఏండ్ల నుంచీ సర్కారు కాగితాల్లోనే ఉంది. అయినా ఆయన జాగాలో ఇంకొకర్ని వెయ్యాలని ఏ ఆఫీసులోనూ ఎవరికీ తోచలేదు.

దేవదానం ప్రియదర్శినికి ఫోను చేశాడు.

"పాపా, మెసేజు టైముకొచ్చింది. నీళ్లే రాలా."

"అయ్యో! ఇప్పుడేం చేద్దాం పెదనాయనా?"

"నాలుగింటి దాకా ఆగొద్దు. ఇప్పుడే నీ చేత్తో ముప్ఫై మందికీ పెట్టు. గడ్డపారలు తీసుకొని బేగా పై గేటుకాడికి రమ్మను!"