పున్నయ్య హాలెండు నడక

హాలెండులో పరాయిదేశస్థుడు వేసే ప్రతి అడుగుకీ సొంతూళ్ళో అతని పొలం ఒక గజం తగ్గుతుందని, ఆ సంగతి తోడల్లుడు శేషావతారం టికెట్టు ఇచ్చేటప్పుడు దాచాడని గొరిజాల పున్నయ్య ఆరోపణ. నిజానికి టికెట్టు వెనక సన్నక్షరాల్లో రాసే ఉంది. డచ్చి భాషలో.

"నాకు మోకాళ్ళ నొప్పులు అన్నయ్యా, నా బదులు నువ్వెళ్ళిరా" అన్నాడు శేషావతారం. ఇద్దరి మిరప చేలకీ గట్టు ఒకటే. పున్నయ్యకి అనుమానం వచ్చింది. అయినా టికెట్టు ఊరికే వస్తుంది గదా అని విమానం ఎక్కాడు.

గాలిమరలు చూసి బయటికొస్తుంటే గేటు దగ్గర గుమాస్తా మర్యాదగా చీటీ ఇచ్చాడు. పద్నాలుగు వందల పదకొండు అడుగులు. గైడు అనసూయ, నెల్లూరు పిల్ల, విడమరిచి చెప్పింది.

"ఈ నేలంతా సముద్రంలోంచి తీసింది బాబాయ్. నీళ్ళు గాలిమర తోడుద్ది. మట్టి ఎక్కణ్ణించో రావాల గదా?"

కాలవ అవతల కొత్తగా తేలిన నల్లరేగడి మడిలో మిరప మోళ్ళు కనిపించాయి. పున్నయ్య తన చేను గుర్తుపట్టాడు.

ఆ తర్వాత కాలు కింద పెట్టలేదు. ఆమ్‌స్టర్‌డామ్ కాలవలు పడవలో కూర్చునే చూశాడు. చెక్కబూట్లు తొడిగి చూడమంటే కాళ్ళు ముడుచుకున్నాడు. తులిప్ తోట దగ్గర మాత్రం అనసూయ నోరు జారింది, ఇది అరవై ఎకరాలని.

"అరవై ఎకరాలా? ఎవరి చెవిలో పూలు పెడతన్నావమ్మాయ్?"

రైతు అన్నవాడు ఒకరు చెప్పిన విస్తీర్ణం నమ్మడు. దిగి, తోట చుట్టూ అడుగులేసి కొలిచాడు. రెండు వేల ఆరు వందల పది. అంతేనని అక్కడి గుమాస్తా చీటీ ఇచ్చాడు. అతని లెక్క మీదా అనుమానమొచ్చి పున్నయ్య మళ్ళీ చుట్టొచ్చాడు. అడుగు తేడా లేదు. ఆ దేశంలో మొదటిసారి నవ్వాడు. అనసూయ ఫోటో తీసింది. గుమాస్తా ఇంకో చీటీ ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి చేలో గొయ్యేమీ లేదు. నేల పోయినచోట ఖాళీ ఉండకూడదు గనక పక్క చేను సాగి వచ్చి అతుక్కుంది. శేషావతారం కొత్త గట్టు మీద చకచకా నడుస్తున్నాడు.

"మోకాళ్ళో?"

"తగ్గినయ్ అన్నయ్యా. నువ్వెళ్ళిన వేళావిశేషం."

రెవెన్యూ గుమాస్తా మూడు చీటీలూ కూడి, తులిప్ తోట ఫోటో అడిగి తీసుకుని ఫైల్లో పెట్టాడు.

"నవ్వుతున్నారుగా. ఇష్టపడే ఇచ్చినట్టు. ఇక్కడో సంతకం పెట్టండి."

ఊళ్ళో అందరూ ఎప్పుడో ఒకప్పుడు పెట్టిన సంతకమే. పున్నయ్యా పెట్టాడు. రెండెకరాల్లో పోయింది ఎకరం ముప్పై ఏడు సెంట్లు.