మూత మీద పేరు

కొమురెల్లి కొలువేందంటె, పురుగులకు వంట చేసుడు. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న. వరంగల్ల ఒక మెడికల్ కాలేజీ ల్యాబుల సముద్రపు నాచుతోని గంజి కాసి గాజు గిన్నెలల్ల పోస్తడు. అది సల్లారి జున్ను లెక్క గడ్డకడ్తది. సాంబమూర్తి డాక్టర్ సారు దాని మీద జరంత చీము రాసి వెచ్చటి పెట్టెల పెడ్తె, కంటికి కనవడని బాక్టీరియా తెల్లారెసరికి ఖాన్‌దాన్ పెంచుకోని చుక్కలు చుక్కలుగ తేల్తది.

ఈ ముచ్చట ఇంట్ల గొప్పగ చెప్పుకున్నడు. ఆడ్నే చెడింది. ఆ దినం సంది పెండ్లాం చిలుకమ్మ ఆయన్ను గడప తొక్కనిస్తలేదు. డ్యూటీ దిగి రాంగనే వాకిట్ల అంగి ఇప్పి, రెండు బకెట్ల సన్నీళ్లు పోసుకుంటెనే లోపటికి. మట్టెవాడ సందుల ఆడోళ్లు ఆయన తానం జూసి పొయ్యి అంటుపెట్టేటోళ్లు.

అది ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు. చలి ఎట్లుండెనంటె, రెండో బకెట్‌కు కొమురెల్లి పండ్లు కొట్టుకుంటె, పక్కింటోళ్లు మగ్గం నడుస్తాందనుకునేది.

ఇగ తట్టుకోలేక ఒక ఉపాయం జేసిండు. గంజి గడ్డకట్టిన రెండు గాజు గిన్నెలు ఇంటికి తెచ్చి, పక్కింటి రాజక్కను సాక్షిగ కూసోవెట్టిండు.

“నీ చెయ్యి ఒకదాంట్ల ఒత్తు, నా చెయ్యి ఒకదాంట్ల ఒత్తుత. నా దాంట్ల పురుగులు తక్కువ మొలిస్తె ఈ వాకిట్ల తానం బంద్.”

“ఎక్కువ మొలిస్తె?” అన్నది చిలుకమ్మ.

“నువ్వు ఎన్ని బకెట్లంటె అన్ని.”

అప్పుడామె పిడకలు సరుస్తాంది. చెయ్యి కడుక్కొస్తనంటె, వద్దు, సైన్సుల ఉన్న చెయ్యి ఉన్నట్టే ఒత్తాలన్నడు. ఆమె కొంగుకు తుడుసుకోని ఒత్తింది. కొమురెల్లి మాత్రం పెరట్లకు వొయ్యి, ల్యాబుకెంచి తెచ్చిన సీసల స్పిరిటుతోని రెండుసార్లు కడుక్కొచ్చి ఒత్తిండు. మూతల మీద పెన్సిల్‌తోని ‘కొ’, ‘చి’ అని రాసిండు.

గిన్నెలు పొయ్యికి ఆనిచ్చి పెడ్తె, చిలుకమ్మ వాటిని జానెడు ఎడం జరిపింది. గంత కాక తగిలితె తోడు చచ్చిపోతదట, గోరువెచ్చగుంటెనే లేస్తదట. ఇది పెరుగు ముచ్చట కాదు, సైన్సని కొమురెల్లి కసిరిండు గని, గిన్నెలైతె ఆమె పెట్టిన కాడ్నే ఉన్నయి.

మూడోనాడు రాజక్క ముంగట మూతలు తీసిండ్రు. ‘చి’ మూత కింద గిన్నె అద్దం లెక్క తళతళ. ‘కొ’ మూత కింద తెల్లయి, పచ్చయి, గులాబియి, బతుకమ్మ పేర్చినట్టున్నయి.

“మూతలు మారినయ్,” అన్నడు కొమురెల్లి.

“చెమట వట్టినయ్ గదా అని తీసి తుడిచి మల్ల పెట్టిన,” అన్నది చిలుకమ్మ.

“ఏది దేని మీద పెట్టినవే? మా సారు నూరుసార్లు చెప్పిండు, పేరు గిన్నె అడుగున రాయాలె, మూత మీద కాదని.”

“నాకేమన్న సదువొస్తదా? గని ఆ సక్కటి గిన్నె నీదేనని నీకెట్ల ఎరుక?”

“ఎరుక గాక? స్పిరిటు పెట్టి రెండుసార్లు కడిగిన చెయ్యి నాది.”

రాజక్క కొంగు నోట్ల కుక్కుకున్నది.

“అట్లనా,” అన్నది చిలుకమ్మ నిమ్మలంగ. “అంటె కడుక్కుంటె పురుగులు పోతయన్నట్టె గదా. నేను రోజు మొత్తుకునేది గూడ గదే.”

పన్నెండేండ్ల కాపురంల ఆమె చారు గిన్నె మూత పెరుగు గురిగి మీద ఒక్కనాడన్న పెట్టలేదని కొమురెల్లికి అప్పుడు యాదికొచ్చింది.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చెసరికి వాకిట్ల మూడు బకెట్లున్నయి. మూడోది కొత్తది. దాన్ని నెత్తి మీద బోర్లిచ్చి దించబోతుంటె అడుగున సున్నంతోని ‘కొ’ అని కనవడ్డది. మూత మీదిది జూసి దించినట్టు, అచ్చం తన వంకర రాతే.