గ్రహాధ్యక్షుడి తీసేసిన సీను

“ఇన్నేండ్లూ ప్రభుత్వం మన బత్తలపల్లెను మండలం కిందనే చూసినాది. ఈ పొద్దు నుంచి ఇది మండలం కాదు, గ్రహం. సౌరకుటుంబంలో మనకూ ఒక స్థానం దొరికినాది.”

ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకుని గోవిందప్ప ఈ ప్రకటన చేయగానే జనం చప్పట్లు కొట్టారు. సొంత కుటుంబంలోనే స్థానం అంతంతమాత్రంగా ఉన్న మనిషికి సౌరకుటుంబంలో చోటు దొరికిందంటే ఎవరికి మాత్రం సంతోషం కాదు? మండలం గ్రహమైపోతే కరువు మండలానికి ఇచ్చే గడ్డి వస్తుందా రాదా అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. అలాంటి భూలోకపు ప్రశ్నలకు జవాబిచ్చే ఎత్తులో ఆయన ఆ సాయంత్రం లేడు.

గోవిందప్పకు బస్టాండు దగ్గర ఎరువుల అంగడి ఉంది. ఊరికి దూరంగా, గుట్ట కింద, పొలమూ, బత్తాయిలు కాసే చీనీ తోటా ఉన్నాయి. ఒకప్పుడు ఆయన మండల ఉపాధ్యక్షుడు. ఆ ‘ఉప’ అనే రెండక్షరాల మీద ఆయనకు తీరని పగ. పదవి పోయినా ఆ రెండక్షరాలు పోలేదు. ఎక్కడ కొత్త సంఘం పెడుతున్నారన్నా వెళ్లి ముందు వరసలో కూర్చునేవాడు. తీరా ఎన్నుకునే వేళకు అధ్యక్షుడిగా ఇంకెవరో ఉండేవారు, గోవిందప్పకు మళ్లీ ఉప మిగిలేది. ఆయన కోరుకున్న పదవి చివరికి దొరికింది గానీ, భూమ్మీద దొరకలేదు.

అది పోయిన ఎండాకాలం మాట. గిరి అనే సినిమా డైరెక్టరు హైదరాబాదు నుంచి కారేసుకుని వచ్చాడు. ఆయన తీయబోయే సినిమా పేరు ‘అంగారక పిశాచి’. నీళ్లు లేక చచ్చిపోయిన ఒక గ్రహం, దాని మీద దిగే మనుషులు, వాళ్లను ఒక్కొక్కరినే నమిలే పిశాచి, ఇదీ కథ. గుట్ట కింద బీడు పడిన గోవిందప్ప పొలం చూసి గిరి కారు ఆపాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, “ఇంత అందమైన శవాన్ని నేనెక్కడా చూడలేదు సార్” అన్నాడు.

గోవిందప్ప దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. “మా తాతల కాడి నుంచీ ఇట్లే కాపాడుకుంటా వస్తాండామప్పా” అన్నాడు.

చిక్కల్లా ఒకటే. గ్రహానికి నీళ్లు అక్కర్లేదు గానీ పిశాచికి కావాలి. అది జిగురు గుండంలోంచి లేస్తుంది. ఆ జిగురు తయారు చేయడానికి రోజూ గుండం నిండా నీళ్లు పోసి రాగిపిండి కలపాలి. “అది నీళ్ల కింద లెక్క కాదు సార్, పిశాచి లాలాజలం” అని గిరి వివరించాడు.

లాలాజలమైనా సరే, ఆ ఎండాకాలం చుట్టుపక్కల దొరికే పరిస్థితి లేదు. ఊళ్లో బోర్లన్నీ గాలి కక్కుతున్నాయి. ట్యాంకరు దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. నిండుగా పోస్తున్న బోరు ఒక్కటే ఉంది. అది గోవిందప్ప చీనీ తోట పక్కన, గుట్ట మొదట్లో ఉంది. ఆ సంగతి ఆయనకూ ఆయన భార్య భారతికీ తప్ప మూడో మనిషికి తెలియదు. బోరు ఎండిపోయిందని ఊరందరికీ తానే చెప్పి, పైకండువాతో కళ్లు కూడా ఒత్తుకున్నాడు. చీనీ చెట్లు పచ్చగా ఉన్నాయేమన్నా అని అడిగినవాళ్లకు, ట్యాంకర్లు కొని పోస్తున్నానని చెప్పేవాడు. చెట్లంటే ఎంత ప్రాణమో ఈయనకు అని జనం దండం పెట్టి వెళ్లేవారు.

“నీళ్లు నేనిస్తా” అన్నాడు గోవిందప్ప గిరితో, చుట్టూ చూసి గొంతు తగ్గించి. “నాకొక వేషం ఇయ్యి. ఏ వేషమైనా సరే, అధ్యక్షుడిది మాత్రం కావాల.”

కథలో అధ్యక్షుడెవరూ లేడు. అక్కడికక్కడే గిరి ఒకణ్ని పుట్టించాడు. అలా గోవిందప్ప గ్రహమండలి అధ్యక్షుడయ్యాడు. పొలం చుట్టూ ఎత్తుగా గుడ్డలు కట్టి, ఇదంతా సినిమా రహస్యం, ఎవరూ రాకూడదని బోర్డు పెట్టారు. లోపల బోరు పగలంతా నడిచేది, పిశాచి పగలంతా మునిగి లేచేది.

ఒక మధ్యాహ్నం నల్లమ్మ తన గొర్రెల మందతో ఆ గుడ్డల దగ్గరికి వచ్చింది. ఆమెది ఆ ఊరే. మొగుడు పోయాక ఆ మందే ఆమెకు ఆధారం. లోపలినుంచి గోవిందప్పను పిలిపించింది. ఆయన వెండి రంగు అంగీతో, నెత్తిన బోర్లించిన గిన్నెలాంటి కిరీటంతో బయటికి వచ్చాడు.

“అన్నా, గొర్లు నాలికలు బయట పెడతాండాయి. తొట్లో రవ్వన్ని నీళ్లుంటే ఇడుస్తావా?”

“యాడివి తల్లీ నీళ్లు? బోరు ఎండిపోయి ఎన్నాళ్లాయ. నేనే బిందె కొనుక్కోని తాగుతాండా.”

నల్లమ్మ ఆయన అంగీని, గిన్నెను కిందినుంచి పైదాకా చూసింది. “నీ అవస్థ చూస్తేనే తెలస్తాండాదిలే అన్నా” అని నిట్టూర్చి, మందను గుట్ట మీదుగా తోలుకుపోయింది. అప్పటికే కొన్ని గొర్రెలు కాళ్లు ఈడుస్తున్నాయి. ఆ వచ్చిన సంతలో సగం మందను అడిగినంతకు ఇచ్చేసి, ఒట్టి తాళ్లు భుజాన వేసుకుని ఇంటికి వచ్చిందని భారతి చెప్పింది. గోవిందప్ప విన్నాడు. అప్పుడు ఆయన డైలాగు బట్టీ పడుతున్నాడు.

“ప్రజలారా, మన గ్రహం మీద చివరి నీటిబొట్టు ఇంకిపోయింది. ఇక మనకు మిగిలింది కన్నీళ్లే.”

కెమెరా ముందు ఒక్క టేకులో చెప్పేశాడు. గొంతు వణకాల్సిన చోట వణికింది, కన్ను తడవాల్సిన చోట తడిసింది. నటన ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని గిరి ఆశ్చర్యపోయాడు. ఎక్కడా నేర్చుకోలేదు. ఎండాకాలమంతా ఊళ్లో ఇదే మాట చెప్పి చెప్పి నోటికి వచ్చేసింది, అంతే.

సినిమా విడుదలైన రోజు గోవిందప్ప బస్సు మాట్లాడి ఊరినంతా అనంతపురం తీసుకుపోయాడు. థియేటరు గేటుకు తన బొమ్మతో బ్యానరు కట్టించాడు. లోపల పిశాచి వచ్చింది, మనుషులను నమిలింది, మూలిగింది, చచ్చింది. గోవిందప్ప మాత్రం రాలేదు. ఒక్కచోట, ఎర్రటి ఆకాశం కింద, గుట్ట మీద ఒక ఆడమనిషి మందను తోలుకుంటూ నడిచిపోయింది. “ఒరే, మన నల్లమ్మరా” అని ఎవరో అరిచారు. హాలంతా ఈలలు. దూరంనుంచి ఎవడో కెమెరావాడు తీసి దాచుకున్న ముక్క అది. గ్రహాన్ని వదిలిపోతున్న ఆఖరి ప్రాణుల కింద దాన్ని వాడుకున్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ గోవిందప్ప మొహం చూడలేదు. భారతి మాత్రం అంది, “పోనీలే, పిశాచి బాగా చేసినాడు.”

ఇంటికి రాగానే ఆయన గిరికి ఫోన్ చేశాడు. గిరి తడుముకోలేదు. “మీ సీను చాలా పవర్‌ఫుల్ సార్. అందుకే ఉంచలేకపోయాం. తీసేసిన సీన్లన్నీ కలిపి తర్వాత యూట్యూబులో పెడతాం.”

ఆ మాటల్లో మొదటిది ఒక్కటే గోవిందప్ప చెవిలో పడింది. పడుకుని లేచేసరికి అది సిద్ధాంతమైంది. ఎరువుల అంగడికి వచ్చినవాళ్లకు యూరియాతో పాటు దాన్నీ పంచాడు.

“తెర మీద కనపడేదానికి ఏముండాదప్పా, మొకం ఉంటే చాలు. తీసెయ్యాలంటే మాత్రం దాంట్లో విషయం ఉండాల. హీరో కన్నా ఎక్కువైపోయినామని తీసేసినారు నన్ను.”

ఈ సిద్ధాంతానికి మొదటి శిష్యుడు రాజేంద్ర. ఆయన ప్రైవేటు స్కూలు నడుపుతాడు. షూటింగు రోజుల్లో హీరోయిన్‌తో ఫొటో దిగడానికి వెళ్లి, గుడ్డ అవతలే నిలబడి వచ్చేశాడు. “నాది కూడా తీసేసినారన్నా. బయటికి చెప్పుకోలేదు గానీ” అని ఆయన తల దించుకున్నాడు. తర్వాత ఇన్సూరెన్సు ఏజెంటు బయటపడ్డాడు. తర్వాత పళ్ల డాక్టరు. షూటింగు జరిగినన్నాళ్లూ బెంగళూరులో కూతురింట్లో ఉన్నాయన కూడా తనను నిర్దాక్షిణ్యంగా కత్తిరించారని వాపోయాడు. నెల తిరక్కముందే పేరున్న మనుషులలో సినిమాలోంచి తీసేయబడనివాడు ఊళ్లో లేకుండా పోయాడు. తీసేయబడ్డ కళాకారుల సంఘం వెలిసింది. గోవిందప్ప దానికి ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. ‘ఉప’ రాలిపోయింది.

సంఘంలో చేరితే గొర్రెలకు లోను ఏమైనా ఇప్పిస్తారేమోనని నల్లమ్మ కూడా వచ్చింది. కార్యదర్శి హోదాలో రాజేంద్ర ఆమెను గుమ్మం దగ్గరే ఆపాడు.

“నువ్వు సినిమాలో కనపడినావు కదమ్మా. నీకు అర్హత లేదు.”

“కనపడింది తప్పా సామీ?”

“తప్పని కాదు. స్థాయి అని ఒకటుంటాది.”

ఇదంతా అయ్యాకే ఫంక్షన్ హాల్లో ఈ సన్మాన సభ. వానలు మొహం చాటేయడంతో ఊళ్లో బోర్లు ఇంకా గాలే కక్కుతున్నాయి. సినిమా వారం తిరక్కముందే థియేటర్లలోంచి లేచిపోయింది కాబట్టి, తీసేసిన సీన్లనైనా నలుగురూ చూస్తే చాలని గిరి సంతోషంగా ఒప్పుకుని వచ్చాడు. మైకుసెట్టు బుడేన్ సాబ్ తెల్లటి తెర కట్టి, కిటికీలకు పరదాలు దించాడు. సంఘ సభ్యులంతా శాలువాలతో వేదిక మీద. నల్లమ్మ కింద, తలుపు పక్కన.

గోవిందప్ప గ్రహ ప్రకటన అయ్యాక గిరి లేచి సినిమా వెనకాల సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. అంతరిక్ష నౌక అంటే ఇంకేమీ కాదు, వెండి కాగితం చుట్టిన బోరు లారీ. పిశాచి తోలేమో చింతపండు బస్తాలతో కుట్టింది. పిశాచి గర్జన కోసం ముంబయి నుంచి శబ్దాలు తెప్పించారు గానీ ఏదీ భయపెట్టలేదు. చివరికి గుట్ట మీద పోతున్న ఒక పొట్టేలు దాహంతో అరిచిన అరుపును నెమ్మదిగా వినిపిస్తే సరిపోయింది. జనం నవ్వారు. నల్లమ్మ నవ్వలేదు.

“ఇంకో ముఖ్యమైన విషయం. మా సినిమాలో ఒక్క గ్రాఫిక్స్ షాటు కూడా లేదు. ఏది చూశారో అది నిజంగా ఉంది. ఇప్పుడు అధ్యక్షుల వారి సీను.”

తెర మీద గోవిందప్ప ప్రత్యక్షమయ్యాడు. వెండి అంగీ, కిరీటం, తడి కళ్లు. వేదిక మీద గోవిందప్పకు తన్ను తాను చూసుకుని గుండె ఉప్పొంగింది. తెర మీది గోవిందప్ప చేతులు చాచి, “ప్రజలారా, మన గ్రహం మీద చివరి నీటిబొట్టు ఇంకిపోయింది” అన్నాడు. ఆయన ఎడమ భుజం వెనక, గుట్ట మొదట్లో, తొడ లావు పైపులోంచి తెల్లగా నీళ్లు దూకుతున్నాయి.

చప్పట్లకని ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఏం జరిగిందో అర్థం కాని గిరి మాత్రం ఉత్సాహంగా వివరించాడు. “చూశారుగా, సార్ అంత బాగా చేసినా ఎందుకు తీసేయాల్సి వచ్చిందో. నీళ్లు లేని గ్రహం అంటుంటే వెనకాల బోరు పోస్తోంది. ఎడిటింగులో కూర్చున్నాకే గమనించాం. ఆ ఎండల్లో సార్ మాకు రోజూ ఇన్ని నీళ్లిచ్చారు. అంత మంచి మనసు వారిది.”

“గోవిందప్పా, అది నీ బోరు కదప్పా” అని వెనకనుంచి ఒక ముసలాయన మెల్లగా అడిగాడు. “ఆ పైపు కాడ నీ చీనీ చెట్టే కదా ఉండేది.”

గోవిందప్ప దొరికిపోయాడు. అయినా ఆయన అధ్యక్షుడు. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

“అవి నీళ్లు కాదప్పా. గ్రాఫిక్స్.”

“లేదు సార్, నేను ఇప్పుడే చెప్పాను కదా, మేము ఒక్క గ్రాఫిక్...” గిరి నొచ్చుకున్నాడు.

“ఈయప్పకు తెలీదు. ఎడిటింగోళ్లు ఏసింటారు. బోరు ఎండిపోయిందని మీరంతా ఎరగరా? ఆడ ఉండేది ఉత్త గ్రాఫిక్సే. మా అమ్మ మీద ఒట్టు.”

వేదిక మీద శాలువాలు అటూ ఇటూ కదిలాయి. పళ్ల డాక్టరు ఫోన్ వచ్చినట్టు లేచి వెళ్లాడు. రాజేంద్ర తన కుర్చీని అధ్యక్షుడి కుర్చీకి కాస్త దూరం జరుపుకుని, ఎందుకైనా మంచిదన్నట్టు, “నేను ఆ సీన్లో లేను” అన్నాడు.

తలుపు పక్కనుంచి నల్లమ్మ లేచి నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు, అరుపూ లేదు.

“అన్నా, గ్రాఫిక్స్ అంటే ఏందో నాకు తెలీదు. నీళ్లయితే ఖర్చయిపోతాయి, నువ్వు ఇయ్యలేవు. నాయమే. గ్రాఫిక్సే అయితే ఎంత తాగినా తరిగిపోవు కదా. మిగిలిన గొర్లను ఇప్పుడే తోలుకోని పోతా. ఊరోళ్లు బిందెలు తెచ్చుకుంటారు. నీకేం నష్టమన్నా?”

గోవిందప్ప లెక్క వేసుకున్నాడు. కాదనాలంటే నీళ్లని ఒప్పుకోవాలి. గ్రాఫిక్సని నిలబడాలంటే బోరు తాళం ఇవ్వాలి. ఆయన భార్య వైపు చూశాడు. భారతి అప్పటికే లేచి కొంగు ముడి విప్పుతోంది.

“మోటారు రూము తాళం నా కాడనే ఉండాది. పాండి” అంది జనంతో. మొగుడి వైపు తిరిగి చూడలేదు.

హాలు ఖాళీ అయ్యింది. గిరి కూడా కెమెరా తీసుకుని వెంట పరిగెత్తాడు. చివరికి గోవిందప్ప కూడా శాలువా సర్దుకుంటూ వెళ్లాడు, ఇంట్లో ఉంటే ఇంకా బాగుండదని.

గుట్ట కింద మోటారు ఆన్ చేయగానే పైపు ఒకసారి దగ్గి, తెల్లగా ధార కట్టింది. గొర్రెలు తొట్టి మీద పడ్డాయి. బిందెలు బారులు తీరాయి. గోవిందప్ప ముందుకు వచ్చి, ఒక పద్ధతిలో రాండప్పా, తోసుకోవద్దండి, మన నీళ్లే కదా అంటూ పర్యవేక్షించబోయాడు. ఎవరూ పక్కకు జరగలేదు.

నల్లమ్మ దోసిలి పట్టి ఒక గుక్క తాగింది. మూతి తుడుచుకుంది. తాగుతున్న గొర్రెల వైపు చూసింది. ఎంతసేపు చూసినా అవి సగమే.

“గ్రాఫిక్సు తియ్యగుండాయన్నా” అంది. “ఆ సగం మందకు కూడా చూపించింటే బాగుండు.”