రెండు సీసాల చుట్టరికం

ఆ ఉదయం ఆరాధన పథకం చిన్నదే. ఫ్రీజర్లోంచి రెండు సీసాలు తీయాలి, కొత్త మొగుడు వెస్లీ బండెక్కి కరీంనగర్ కాలేజీకి పోవాలి, ప్రాజెక్టు గైడు ఓంప్రకాశ్ సార్ నోరు మూయించాలి.

సీసాల్లో ఆమె దాచినవి చేప ముక్కలు. పెళ్లయ్యాక ఇద్దరూ తొలిసారి షికారుకు పోయింది మంచిర్యాల గోదావరి ఒడ్డుకే. అక్కడ ఒక నల్ల చేపను, ఒక మచ్చల చేపను కొని, ముక్కలు చెడకుండా స్పిరిట్లో వేసి మురిపెంగా తెచ్చుకుంది. పోలికే లేని ఆ రెండు జాతులూ దగ్గరి చుట్టాలని ఆమె వాదన. కాదని సార్ పట్టుదల. డీఎన్ఏ పరీక్షలో ఆమె మాట తప్పయితే ప్రాజెక్టే మార్చుకోవాలన్నారు.

"తప్పయితే గద సార్ మార్చుడు," అంది ఆరాధన.

సీసాలు పరీక్షకిచ్చి సాయంత్రం ఇల్లు చేరేసరికి, పాస్టరు ఫిలిప్ అయ్యగారు వెస్లీ నెత్తిన చెయ్యి పెట్టి, తాగుడు వ్యసనం వదలాలని ప్రార్థిస్తున్నారు. సోడా కూడా ముక్కు మూసుకుని తాగే వెస్లీ, ఏమీ అర్థం కాక ఆమెన్ అంటున్నాడు. ఏమైందని అత్త బుచ్చవ్వను అడిగితే, నీ మొగుణ్ణే అడుగు అంది. ఆ వారమంతా ఆరాధన మొగుడి చొక్కాలు వాసన చూస్తూనే ఉంది.

రిపోర్టు వచ్చింది. రెండు సీసాల డీఎన్ఏ ఇసుమంత తేడా లేకుండా కలిసింది. ఆరాధన డిపార్టుమెంటంతా మిఠాయి పంచింది. సార్ రెండో పేజీ తిప్పి కళ్లద్దాలు తీశారు.

"రెండూ ఒకటేనమ్మా. రెండూ మేకే."

"చుట్టాలే అని నేనన్న. కాదన్నది మీరే," అంది ఆరాధన, తల దించకుండా.

ఇంటికొచ్చి, సీసాల్లోకి మేకెలా వచ్చిందని నిలదీస్తే బుచ్చవ్వ కూడా తల దించలేదు. "చర్చిల ఒట్టు పెట్టుకొని తాగుడు బందు జేసిన ఇల్లు ఇది. ఫ్రిజ్ తీస్తే మందు వాసన. నీ సీసలల్ల వీడు మందు దాసిండు, నంజుకోను చేప ముక్కలు సుత ఏసుకున్నడు అనుకున్న. కొత్త కోడలికి తెలిస్తే ఇజ్జత్ ఏముంటది? పారబోసి, సీసలు ఖాళీగ కనవడొద్దని ఐతారం మటన్ల నుంచి రెండు ముక్కలు అండ్ల ఏసిన. మల్ల వాసనొస్తే మల్ల పారబోస్త."

"మల్ల తెస్త అత్తమ్మా," అంది ఆరాధన.

తెచ్చింది. ఈసారి అత్తను కూడా మంచిర్యాల తీసుకుపోయి, ముక్కల్ని ఆమె చేతులతోనే స్పిరిట్లో వేయించింది. కొత్త రిపోర్టును సార్ రెండో పేజీ నుంచే చదవడం మొదలుపెట్టారు. మేక లేదు. నల్ల చేప, మచ్చల చేప దగ్గరి చుట్టాలే. ప్రాజెక్టు నిలిచింది.

ఫిలిప్ అయ్యగారు మాత్రం, ప్రార్థనతో తాగుడు మానినవారిలో వెస్లీ పేరును ఇప్పటికీ మొదట చెబుతున్నారు.