ఎర్ర రిబ్బన్ ఆవు

ఆ ఉదయం కుర్ర పాలరైతు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి ముందు బల్ల వేయాలి, పాలు కాచాలి, హెడ్మిస్ట్రెస్ చేత ఒక గ్లాసు తాగించాలి. ఆవిడ తలూపితే బడి పిల్లలకు ఇకనుంచి ఇతని పాలే. పెదవి విరిస్తే ఎప్పటిలాగే లారీలో వచ్చే ప్యాకెట్లు. అప్పుడిక ఆవుల్ని అమ్ముకోవడమే.

అందుకే పెందలాడే వచ్చి మైకు పట్టుకున్నాడు. "ఎవరు పిండారో, ఎప్పుడు పిండారో తెలియని ప్యాకెట్ పాలు మనకెందుకండీ? మన ఊరి గడ్డి, మన ఊరి ఆవు, మన ఊరి పాలు!" అని గొంతు చించుకున్నాడు.

పాలు పిండి తెచ్చే పని, కొత్తగా కాపురానికొచ్చిన భార్యది. పొదుగువాపుకు సూదిమందు వేసిన ఆవు కాలికి ఎర్ర రిబ్బన్ ఉందని, దాని పాలు పారబోయాలని చీకట్లో గేటు దగ్గర నుంచే కేకేసి వచ్చాడు. ఆవులన్నీ ఒకే నలుపు. కొత్త మనిషికి ఆ రిబ్బనే ఆనవాలు.

ఆమె ఆలస్యంగా క్యాన్ తెచ్చింది. అతను గబగబా పాలు కాచి దించాక ఫోన్ చూపించింది. "ఏవండీ, ఈ ఫోటో చూడండి. ముచ్చటగా ఉంటుందని నిన్న సాయంత్రమే అన్నిటికీ ఎర్ర రిబ్బన్లు కట్టేశా. తీరా ఏమైందంటే..."

ఏమైందో వినే స్థితిలో అతను లేడు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మందు పడని మనిషి ఒక్కరు తాగినా ఇంకేమైనా ఉందా! ఇంతలో హెడ్మిస్ట్రెస్ రానే వచ్చి గ్లాసు అందుకుంది.

"ఆగండి మేడమ్! ఈగ పడింది!" అంటూ లాక్కుని, ఎక్కడ పారబోయాలో తోచక తానే గటగటా తాగేశాడు.

"ఈగతో సహానా?" అందావిడ.

రెండో గ్లాసు వేడెక్కువైందని తాగాడు. మూడోది చల్లారిందని తాగాడు. చుట్టూ జనం మూగారు. "అంత బాగున్నాయా, మాకివ్వడా?" అని ఎవరో అన్నారు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అతని పని. నిజం చెబితే బేరం పోతుంది, చెప్పకపోతే ప్రాణాలు పోతాయి. చివరికి బేరం పోతే పోయిందని మైకు అందుకున్నాడు. "ఎవరూ తాగకండి! ఈ పాలు..."

అప్పటికే హెడ్మిస్ట్రెస్ స్వయంగా ముంచుకుని గ్లాసు ఖాళీ చేసేసింది. అతను కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ! పచ్చగడ్డి వాసన తెలుస్తోందయ్యా," అందావిడ మూతి తుడుచుకుంటూ. "ప్యాకెట్ పాలకు ఈ రుచి జన్మలో రాదు. రేపటి నుంచి మా పిల్లలకు నీ పాలే."

జనం చప్పట్లు కొట్టారు. అతను భార్యను పక్కకు లాగాడు. "ఆ జబ్బు ఆవు పాలు ఇందులో కలిశాయా? నిజం చెప్పు!"

"చెప్పబోతే విన్నారా? ఏది ఏ ఆవో తెలియక, భయమేసి మొత్తం పారబోశా. వట్టి క్యాన్‌తో వస్తే మీ పరువేం కావాలని, దారిలో కొట్టు తెరిపించి ప్యాకెట్లు పోయించుకొచ్చా."

అతను బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ వెళ్తూ వెళ్తూ వేలు చూపించింది. "ఇదే రుచి ఉండాలి సుమా! ఏ మాత్రం తేడా వచ్చినా ఊరుకోను."

ఆ రోజంతా కుర్ర రైతు పాకలో కూర్చుని, ప్యాకెట్ రుచి రావాలంటే ఆవుకు ఏం మేత వేయాలా అని ఆలోచించాడు.