మంత్రిగారు నయం చేసిన మనిషి

కిందటేడాది ఒక మంగళవారం ఉదయం, పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, జిల్లాలో హెపటైటిస్-సి అనే రోగం అంతరించింది. పది గంటలకే అంతరించవలసింది గాని మంత్రిగారి కారు లేటైంది. రోగం ఆ గంటా ఇరవై నిమిషాలూ ఓపిగ్గా కాచుక్కూర్చుంది. ఆయన వస్తూనే రాజాం వేదిక మీద రిబ్బను కత్తిరించి, "నేటి నుంచి మన కాలేయాలకు స్వాతంత్ర్యం వచ్చింది" అని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. కాలేయం ఎటువైపు ఉంటుందో తెలియనివాళ్లు రెండు వైపులా తడుముకుని మరీ కొట్టారు.

ఆ వేదిక మీద మంత్రిగారి పక్కన శాలువా కప్పుకుని నిలబడ్డవాడు జీవరత్నం. రాజాంలో ధాన్యం కమిషను కొట్టులో కాటా దగ్గర పని. అతనికి రోగం వచ్చిన కథ చిన్నది. ఊరంతా జ్వరాలు పడ్డ ఏడు, ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఒకే సూదితో అతనికీ, పెళ్లాం ఎలీసమ్మకీ, అత్తగారు బుల్లమ్మకీ వరసగా పొడిచాడు. "ఒకే ఇంటోలు గదా, సూది దగ్గర పరాయితనమేటి?" అన్నాడు. నయమైన కథ ఇంకా చిన్నది. ఎనభై నాలుగు రోజులు, రోజుకో మాత్ర. ఒక్కటీ మానలేదు. ఆఖరి మాత్ర వేసుకున్న వారానికి రక్తంలో వైరస్ కనబడలేదు.

"మూడు నెలలాగి మళ్లీ టెస్టు చేస్తేగాని నయమైందని చెప్పకూడదు" అన్నారు డాక్టర్ అనూరాధ. "మూడు నెలలాగితే మంత్రిగారి డేటు దొరకదు" అన్నాడు కాలేయ విజయ మిషన్ జిల్లా కోఆర్డినేటర్ ధర్మేంద్ర. రెండూ బలమైన కారణాలే. బాగా ఆలోచించి, పెద్ద కారణానికే విలువిచ్చారు.

తరవాతి ఆదివారం జీవరత్నం తమ బాప్టిస్టు చర్చిలో సాక్ష్యం చెప్పాడు. "దేవుడు నన్ను ముట్టినాడు, బాగుసేసినాడు" అని ఏడుస్తూ చెబుతుంటే మైకు బజారంతా వినిపించింది. బజార్లో టీ తాగుతున్న ధర్మేంద్ర గ్లాసు కింద పెట్టేశాడు. ప్రతిభ ఎక్కడున్నా పట్టుకునే మనిషాయన. ఆ సాక్ష్యాన్ని మిషన్ తరఫున తీసుకుని స్వల్పంగా సవరించాడు. దేవుడు ఉన్న చోటల్లా మంత్రిగారిని పెట్టాడు, మిగతాది ముట్టుకోలేదు. మూడు నెలల్లో పదకొండు మండలాల్లో జీవరత్నం ఆ సాక్ష్యం చెప్పాడు. పక్క జిల్లావాళ్లు ముచ్చటపడితే ఆమదాలవలసకు కూడా ఒక పూట అరువిచ్చారు.

మర్నాడు ఇంకో మీటింగనగా అనూరాధగారు కబురుపెట్టి, ఆ మధ్య తీసిన రక్తం రిపోర్టు చేతికిచ్చారు.

"తిరగబెట్టింది, జీవరత్నం."

అతను రిపోర్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక్క మాత్ర మాననేదమ్మా. నాను ఏటి తప్పు సేసినాను?"

"నీ తప్పేం లేదు. అన్నీ సరిగ్గా వేసుకున్నా కొద్దిమందికి ఇలా తిరగబెడుతుంది. దీనికీ మందుంది. ఈసారి ఆరు నెలలు వాడాలి. లివరు గట్టిపడుతోంది, ఆలస్యం మాత్రం చెయ్యకు. ఒక్క పూట మానకు. ఇంకొకరితో పంచుకుంటే ఇద్దరికీ పనిచెయ్యదు, గుర్తుంచుకో."

బయట కొనుక్కునే స్తోమత లేదు. మందు మిషనే ఇవ్వాలి. అయినా జీవరత్నం భయంలో చావు సగమే, మిగతా సగం ఆదివారం చర్చి.

"దేవుడు మాట తప్పినాడనుకుంటారా, నాను అబద్దం సెప్పినాననుకుంటారా?" అని ఇంటికొచ్చి ఎలీసమ్మని అడిగాడు.

"ఎవులేటి అనుకుంటే మనకేటి మావా? ముందెల్లి మాత్రలు తెచ్చుకో."

మిషన్ ఆఫీసులో ధర్మేంద్ర అతని గోడు శ్రద్ధగా విన్నాడు. ప్రజల సమస్యలు వినడంలో ఆయనకు రాష్ట్రస్థాయి ప్రశంసాపత్రం ఉంది.

"కుదరదు జీవరత్నం. కంప్యూటర్లో నువ్వు నయమైపోయావు."

"నయమవనేదు బాబూ. ఈ కాయితం సూడండి."

"కాగితానికేం, ఏదైనా రాస్తారు. నువ్వు మంత్రిగారి చేతుల మీదుగా నయమైనవాడివి. నిన్ను మళ్లీ రోగిని చేసే అధికారం నాకు లేదు."

"మరెవులికి ఉన్నాది?"

"మంత్రిగారికే."

"అయితే ఆయన్నే అడుగుతాను."

"ఆయన శాఖ మారింది. ఇప్పుడు చేపలు చూస్తున్నారు."

జీవరత్నం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ధర్మేంద్ర మాత్రం రాతిమనిషా? లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"మీ ఆవిడకి ఆధార్ ఉందా?"

సంగతేమిటంటే, జిల్లాలో రోగం లేదని రాస్తే ఆఫీసు ఎత్తేస్తారు. బాగా ఉందని రాస్తే ధర్మేంద్రని ఎత్తేస్తారు. అందుకని ఆయన మూడు నెలలకొక కొత్త రోగిని, సరిగ్గా ఒక్క రోగిని, రిపోర్టులో చూపిస్తూ జిల్లాను బ్యాలెన్సు చేసుకొస్తున్నాడు. ఈ మూడు నెలల పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది.

"ఆవిడ పేరు మీద మూడు నెలల మందు రాయిస్తాను. మింగేది నువ్వు."

"డాక్టరమ్మ ఆరు నెల్లన్నాది బాబూ."

"మీ అత్తగారు ఉన్నారా?"

"ఉన్నాది."

"ఇంకేం మరి! మిగతా మూడు నెలలూ ఆవిడ."

పేరు ఎలీసమ్మదైనా రక్తం జీవరత్నమే ఇచ్చేటట్టు మాట్లాడుకున్నారు. తీరా చూస్తే ల్యాబులో కంప్యూటరు ఎలీసమ్మ వేలిముద్ర, ఎలీసమ్మ మొహం కావాలంది. దానికి ఫోను చేసి చెప్పగల నాయకుడు జిల్లాలో లేడు. ఎలీసమ్మ ఇంకేమీ అనకుండా చెయ్యి చాపి రక్తం ఇచ్చేసింది.

ధర్మేంద్ర తల పట్టుకున్నాడు. "ఆవిడ రక్తం శుభ్రంగా ఉంటే మందు రాదయ్యా. ఇంతకుముందు ఆవిడకి ఎప్పుడైనా టెస్టు చేశామా?"

"నేదు బాబూ. నాకు రోగం బయటపడ్డప్పుడే ఇంటోలందరికీ సెయ్యమని డాక్టరమ్మ రాసినాది. లెక్క పెరిగిపోతాదని మీరే ఆపీసినారు."

"అవునవును. మంచి నిర్ణయమే అది."

మూడు రోజులు జీవరత్నం కాటా దగ్గరికి వెళ్లలేదు. పొద్దుటా సాయంత్రం మోకాళ్ల మీదే ఉన్నాడు. "ప్రభువా, దాని రగతంలో రోగం ఉందని రానీ. ఈ ఒక్కసారికి, కాయితం మీద రానీ" అని వేడుకున్నాడు. పక్కనే మోకరించిన ఎలీసమ్మ, మొగుడు ఏమడుగుతున్నాడో తెలిసే, "ఆమెన్" అంది.

నాలుగో రోజు ధర్మేంద్ర ఫోను చేశాడు. గొంతులో పండగ.

"వచ్చేసిందయ్యా! పాజిటివ్! భలే మేనేజ్ చేశావే! ల్యాబులో ఎవర్ని పట్టుకున్నావు?"

"నానెవుల్నీ పట్టుకోనేదు బాబూ," అన్నాడు జీవరత్నం.

ఎలీసమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. ఆవిడ మొహం చూడలేక గోడవైపు తిరిగి ఏడ్చాడు. అతని ప్రార్థన ఇంత తొందరగా నెరవేరడం ఇదే మొదటిసారి.

మర్నాడు ఆఫీసుకు ఫొటోగ్రాఫరు కూడా వచ్చాడు. ధర్మేంద్ర మూడు నెలల మందు, మూడు సీసాలు, ఎలీసమ్మ చేతిలో పెట్టి కెమెరా వైపు నవ్వాడు. ఎలీసమ్మ వాటిని మొగుడి చేతిలో పెట్టింది. అతను తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ మళ్లీ అతని జేబులో కుక్కబోయింది. ఫొటో ఎవరితో తియ్యాలో ఫొటోగ్రాఫరుకు అర్థం కాలేదు.

"బాబూ," అంది ఎలీసమ్మ. "రోగం ఇద్దరికీ ఉన్నాది. మందు ఒక్కలిదే. పంచుకుంటే పనిసెయ్యదని డాక్టరమ్మ సెప్పినాదట. మా ఇద్దర్లో ఎవులు మింగాల? నువ్వే సెప్పు."

ధర్మేంద్ర మొహం గంభీరమైంది. కుర్చీలో కూర్చున్నాడు. రిజిస్టరు తెరిచి, ఈ మూడు నెలల పేజీ చూశాడు, తరవాతి పేజీ తిప్పాడు. మొహం మళ్లీ వెలిగింది.

"కంగారుపడకండమ్మా. వచ్చే మూడు నెలలూ ఖాళీయే. మీ అమ్మగారిని తీసుకొచ్చి రక్తం ఇప్పించండి. మన అదృష్టం బాగుంటే ఆవిడకీ ఉంటుంది."