గుమ్మానికి వేపమండ

ఆ ఆదివారం జనార్దన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఉప్మా తనే చేయాలి, గిన్నెలు తనే కడగాలి, టీవీ పెట్టకూడదు, రాత్రి దాకా నవనీతను ఎవరూ కదిలించకుండా చూడాలి. మూడు వారాల్లో ఆమెకు టెట్ పరీక్ష. ఇదివరకు రెండుసార్లు తప్పింది. ఏళ్ళ తరబడి ప్రైవేటు బడిలో సైన్సు చెబుతున్న మనిషికి పాఠం రాక కాదు, చదువుకునే తీరిక లేక తప్పింది. ఈసారీ తప్పితే ఉద్యోగం ఊడుతుందని బడి యజమాని మొహం మీదే చెప్పేశాడు.

తీరిక లేకపోవడానికి కారణం ఆ ఇల్లు. సూర్యాపేటలో హైవే పక్కన ఇల్లు కట్టుకోవడమంటే చుట్టాలకు ఉచిత భోజన హోటలు తెరవడమే. హైదరాబాద్ నుంచి కోదాడ పోయేవాళ్ళకు సరిగ్గా కడుపులో ఎలుకలు పరుగెత్తే చోటది. పోతూ ఒకసారి దిగుతారు, వస్తూ ఇంకోసారి దిగుతారు. మొదటి పరీక్ష ముందురోజు ఏకంగా ఒక పెళ్ళిబృందమే దిగింది. రెండో పరీక్షప్పుడు వచ్చినవాళ్ళు మాత్రం చాలా మర్యాదస్తులు. "నువ్వు సదువుకో బిడ్డా, మేం ఇంత చాయ తాగి పోతం" అంటూ రాత్రి పెరుగన్నం దాకా కూర్చున్నారు.

ఉప్మాకు రవ్వ వేగుతుండగా ఫోన్ మోగింది. కోదాడ బావ, అంటే జనార్దన్ అక్క మొగుడు.

"ఏం బామ్మర్దీ, హైదరాబాద్‌ల బయలెల్లినం. రెండు కార్లు. నీ దగ్గరికొచ్చేసరికి పది అయితది. ఎక్కువ పరేషాన్ గాకు. జర చికెన్, ఇంత పచ్చిపులుసు, సాలు."

"రాండ్రి బావా" అన్నాడు జనార్దన్. "రావద్దు" అనే మాట అతని నోటికి పుట్టుకతోనే రాదు. ఫోన్ పెట్టేసి, రవ్వ మాడిన వాసన పీల్చి, సంచి పట్టుకుని చికెన్ కోసం బయలుదేరాడు.

వెనక సందులో ఒక ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందన్నమాట. పాలవాడు ప్యాకెట్‌ను గేటుకు తగిలించి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. చందా రసీదులు పట్టుకుని ఉషారుగా వస్తున్న ఇద్దరు ఆ గుమ్మం చూసి, చెప్పులు చేతబట్టినంత పని చేసి పక్కింటికి పోయారు. కుక్క కూడా అక్కడ ఆగలేదనిపించింది జనార్దన్‌కు. అతను రోడ్డు పక్క వేపచెట్టు కిందకు పోయి, అటూ ఇటూ చూసి, ఒక కొమ్మ విరిచాడు.

పుస్తకంతో బయటికొచ్చిన నవనీత గుమ్మం చూసి కంగారుపడింది.

"గిదేంది? ఎవరికి పోసింది?"

"నాకే."

"ఎప్పుడు?"

"పదింటికి."

విషయం విన్నాక ఆమె తల పట్టుకుంది. "నీకేమన్న పిచ్చా? చికెన్‌పాక్స్ అంటే నవ్వులాటనుకున్నవా? ఇంట్ల సైన్సు టీచర్‌ను పెట్టుకొని..." అంటూ ఉండగానే రెండు కార్లు వచ్చి ఆగాయి. ఆమె గబుక్కున లోపలికి పోయింది. తిట్టడానికి టైముంటే చదువుకోవచ్చు కదా అనిపించిందేమో.

బావ గేటు మీద చెయ్యి వేశాడు. వేపమండ చూశాడు. చెయ్యి తీసేశాడు.

"ఎవరికి బామ్మర్దీ?"

"నాకే బావా" అని కిటికీలోంచి జనార్దన్ రెండు చేతులూ చాపాడు. ముందు రాత్రి కరెంటు పోయి మేడ మీద పడుకుంటే దోమలు ఆ చేతులను ఖాళీ లేకుండా కుట్టి పెట్టాయి. అంత దూరం నుంచి చూస్తే అవి అమ్మవారే.

"అమ్మ సల్లగ సూడాలె" అని అక్కడి నుంచే దండం పెట్టి బావ కారెక్కాడు. ఆకలితో ఉన్న రెండు కార్లు అంత వేగంగా కదలడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. జనార్దన్ యుద్ధం గెలిచిన రాజులా ఉప్మా గిన్నె దగ్గరికి వెళ్ళాడు.

అయితే రోగం కంటే రోగం కబురు తొందరగా అంటుకుంటుంది. బావ అక్కకు చెప్పాడు, అక్క కుటుంబం గ్రూపులో పెట్టింది. మధ్యాహ్నానికల్లా హుజూర్‌నగర్, అనంతగిరి, కోదాడ అంతటా జనార్దన్‌కు అమ్మవారు పోసింది. అందులో ఒకరు అతని ఆఫీసు సూపరింటెండెంట్‌కు కూడా చుట్టమే.

"జనార్దన్, తగ్గేదాక ఆఫీసు మొహం సూడకు. లీవు నేనే రాస్త" అన్నాడాయన ఫోన్‌లో. మళ్ళీ గొంతు తగ్గించి, "నిన్న నా పెన్ను నువ్వు ముట్టుకున్నవా?" అని అడిగాడు.

చుట్టాల బెడద తీరింది, పైగా సెలవు. ఇంతకంటే అదృష్టముంటుందా అనుకుంటుండగానే సాయంత్రం గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక మూట, తర్వాత ఒక వేపకొమ్మల కట్ట, ఆ తర్వాత నడిగూడెం మేనత్త ఐలమ్మ దిగారు.

"అత్తమ్మా, లోపలికి రాకు! అమ్మవారు!" అని కేక వేశాడు జనార్దన్.

"అందుకే గదా వచ్చింది. నాకు సిన్నప్పుడే పోసింది అల్లుడా. ఒకసారి పోస్తే మళ్ళ పొయ్యదు, నన్నేం జెయ్యదు" అంటూ ఆమె చక్కగా లోపలికి వచ్చేసింది. నవనీత వైపు తిరిగి, "నీకు పోసిందానె బిడ్డా?" అని అడిగింది.

"సిన్నప్పుడే అత్తమ్మా."

"మంచిగయింది. ఇగ నువ్వు పుస్తకం సూసుకో. ఇల్లు, వంట, వీడు, అన్ని నేను సూసుకుంట."

ఐలమ్మకు కంటిలో శుక్లాలున్నాయి. ఆపరేషన్ అంటే పడదు, కళ్ళద్దాలంటే అంతకన్నా పడదు. జనార్దన్ చేతులను వేళ్ళతో తడిమి, "బాగ పోసింది తల్లి" అని తీర్పు చెప్పింది. మర్నాటి నుంచి వెనక గదిలో వేపాకుల మీద అతని పడక. ఉప్పు లేదు, కారం లేదు, పోపు వాసన అసలు లేదు. మూడు పూటలా పెరుగన్నం, మధ్యలో కొబ్బరినీళ్ళు. గడ్డం గీయకూడదు, తల దువ్వకూడదు, గడప దాటకూడదు. దురద పుట్టిన చోట గోకితే ఐలమ్మ వేపమండతో చేతిమీద కొట్టేది. రాత్రిపూట దోమలు వచ్చి పగలు మానిన చోట మళ్ళీ కుట్టిపోయేవి కాబట్టి సాక్ష్యానికి లోటు రాలేదు.

"అత్తమ్మా, జర తొక్కు పెట్టవా? నాలుక సచ్చిపోయింది" అని మూడోనాడు బతిమాలాడు.

"కారం తింటె అమ్మకు కోపమొస్తది."

"అమ్మకు నేను జెప్పుకుంట."

"ఆమెకు నేను జెప్తున్న గదా, గమ్మున తిను" అని ఐలమ్మ పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టింది.

నవనీత మాత్రం పెళ్ళయినప్పటి నుంచి ఎరగని సుఖం అనుభవించింది. వంట చేసే పని లేదు, బట్టలుతికే పని లేదు, గేటు చప్పుడు లేదు. ముందు గదిలో కూర్చుని పాఠం గట్టిగా చదువుకునేది. వెనక గదిలో మొగుడు, వంటింట్లో మేనత్త వద్దన్నా వినేవాళ్ళు.

"కొత్త క్రిమి ఒంట్లో జొరబడితే తెల్ల రక్తకణాలు దాన్ని పట్టుకుంటాయి. దానికి సరిపోయే ప్రతిరక్షకాలు తయారు కావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు జ్వరం వస్తుంది. ఒకసారి తెలిసిన క్రిమిని శరీరం గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ వస్తే గుమ్మంలోనే తరిమికొడుతుంది."

"ఔ మల్ల! నా పెండ్లిల మీ తాత పాయసం తక్కువ పోసింది నాకింక యాదికుంది" అంది ఐలమ్మ వంటింట్లోంచి.

వారం మధ్యలో అసలు గండం ఆటోలో వచ్చింది. ప్రభుదాస్ అని జనార్దన్ ఆఫీసులోనే జూనియర్, మిర్యాలగూడ పిల్లవాడు, ఇంకా పెళ్ళి కాలేదు. ఒళ్ళంతా నీటి పొక్కులు, మొహం ఉబ్బి ఉంది. నవనీత వెనకనే ఐలమ్మ కూడా గేటు దాకా వచ్చింది.

"అన్నా, కిరాయి రూములకెల్లి ఓనర్ ఎల్లగొట్టిండు. ఇంటికి పోదామంటే మా అక్క కడుపుతోటి ఉంది, ఆమెకు అంటితే మంచిది గాదంట. సూపరింటెండెంట్ సారు నీ దగ్గరికి తోలిండు. నీకు ఎట్లాగూ వచ్చిందాయె, ఇద్దరు ఒక్కదగ్గర ఉంటే ఖతం అన్నడు" అన్నాడు ప్రభుదాస్ వెనక గది గుమ్మం దాకా వచ్చి, దీనంగా.

జనార్దన్ నోరు తెరిచేలోగా ఐలమ్మ అతని పక్కన రెండో పడక వేసేసింది. "ఒకరికి జేసే సాకిరి ఇద్దరికి జెయ్యలేనా? రా కొడుకా." ప్రభుదాస్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు, ఐలమ్మ వేపమండ ఊపింది. ఇద్దరికీ ఏ పేచీ రాలేదు.

పేచీ అంతా జనార్దన్ గుండెలోనే. "అత్తమ్మా, నాకు సిన్నప్పుడు పోసిందా?" అని తన పడకను గోడ వైపు లాక్కుంటూ అడిగాడు.

"మీ అన్నకు పోసింది. అప్పుడు నువ్వు హుజూర్‌నగర్‌ల అమ్మమ్మ కాడ ఉన్నవ్. అందుకే గదా నీకిప్పుడొచ్చింది!"

ఆ రాత్రి కిటికీ ఊచల దగ్గర మొగుడూ పెళ్ళాలు గుసగుసలాడుకున్నారు.

"నవనీతా, గిది ఎట్ల అంటుతదే?"

"దగ్గితే, తుమ్మితే గాలిల వస్తది. పొక్కుల నీళ్ళు తాకినా వస్తది. రేపే పోయి టీకా వేసుకో. ఎంత జల్ది వేసుకుంటే అంత మంచిది."

"అమ్మవారు పోసినోడు అమ్మవారు రాకుండ టీకా వేసుకుంటా అంటే మా అత్త పోనిస్తదా?"

"అయితే నిజం జెప్పు."

చెప్పొచ్చు. చెబితే ఐలమ్మ మూట కట్టుకుని వెళ్ళిపోతుంది, కోదాడ బావ రెండు కార్లకు మూడు కార్లు తెస్తాడు, పరీక్ష మళ్ళీ గంగలో కలుస్తుంది. జనార్దన్ ముందు గదిలో వెలుగుతున్న దీపం వంక, దానికింద తెరిచి ఉన్న పుస్తకం వంక చూశాడు. "నువ్వు సదువుకో పో" అన్నాడు. అప్పటి నుంచి మూతికి తువ్వాలు కట్టుకుని, మొహం కిటికీ ఊచలకు ఆనించి పడుకున్నాడు. ప్రభుదాస్ దానికి నొచ్చుకున్నాడు. "నా దగ్గర వాసనొస్తుందా అన్నా?" అని అడిగాడు కూడా.

ప్రభుదాస్ పొక్కులు ఎండి, పెచ్చులు కట్టి రాలాక వెళ్ళిపోయాడు. ఐలమ్మ జనార్దన్‌కు వేపాకు, పసుపు నీళ్ళతో తలంటి, అమ్మను సాగనంపి, కుటుంబం మొత్తానికి ఫోన్లు చేయించింది. ఆదివారం అందరూ వచ్చి భోంచేయాలని. అదే ఆదివారం నవనీత పరీక్ష. అయినా ఫరవాలేదు, సెంటరు మిర్యాలగూడలో, ఆమె తెల్లారకముందే బస్సెక్కుతుంది.

ఆమెను బస్టాండులో దింపుదామని బండి బయటికి తీసిన జనార్దన్ దాని మీదకే ఒరిగిపోయాడు. నవనీత నుదురు ముట్టుకుని చూసింది. కాలుతోంది. చొక్కా గుండీ తీసింది. ఛాతీ మీద ఎర్రగా దద్దుర్లు, వాటిలో రెండు మూడు అప్పుడే నీరు పట్టి మెరుస్తున్నాయి.

"గిది నిజంది" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను పోను. నిన్ను గిట్ల ఇడిసి ఎట్ల పోత?"

"పో. గిన్ని దినాలు ఉప్పులేని కూడు తిన్నది నువ్వు ఇంట్ల కూసోనీకి గాదు" అన్నాడు జనార్దన్. పెళ్ళయ్యాక అతను అంత గట్టిగా మాట్లాడింది అదొక్కసారే. ఆమె వెళ్ళింది.

ఐలమ్మ మాత్రం నమ్మలేదు. "సెమటకాయలు. ఒకసారి పోస్తే మళ్ళ రాదు. నీ పెండ్లామే సదివింది గదా, గుమ్మంలనే తరిమికొడతదని."

పదింటికి కార్లు వచ్చాయి, చికెన్ వచ్చింది, నవ్వులు వచ్చాయి. జనార్దన్ గదిలో గడియ పెట్టుకుని అరిచాడు.

"లోపలికి రాకుండ్రి! నాకు అమ్మవారు పోసింది!"

"పాత ముచ్చట బామ్మర్దీ, కొత్తది జెప్పు!" అన్నాడు బావ తలుపు అవతల.

"అప్పుడు అబద్ధం బావా! మీరు రావద్దని నేనే వేపమండ కట్టిన! అవి దోమకాట్లు! ఇప్పుడిది నిజం!"

ఇన్నాళ్ళకు తొలిసారి నిజం చెప్పానని జనార్దన్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఐలమ్మ గొంతు వినిపించింది, ఏడుపుతో.

"అయ్యో, జ్వరంల ఏదేదో మాట్లాడుతున్నడు. నా సేతులతోటి తడిమి సూసిన అమ్మను అబద్ధమంటున్నడు. తలుపు తియ్యిర్రి!"

తలుపు తీయడానికి బావ భుజం ఒక్కటి చాలింది. అందరూ అతని చుట్టూ కూర్చుని, ధైర్యం చెప్పి, వీపు నిమిరి, చికెన్ ముక్కలు నోటికందించారు. మూడు వారాలుగా కలలోకి వచ్చిన ఆ కారం ఇప్పుడు నోటికి చేదుగా తగిలింది. సాయంత్రానికి అందరూ కడుపు నిండా తిని, ఒక్కొక్కరూ విడివిడిగా అతన్ని కౌగిలించుకుని బయలుదేరారు.

నవనీత వచ్చేసరికి దీపాలు పెట్టారు. ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది, పరీక్ష బాగా రాసింది. అప్పటికి జనార్దన్ ఒంటి నిండా నీటి పొక్కులు తేలాయి. శుక్లాల కంటికి కూడా దాచలేనన్ని. ఐలమ్మ గది గుమ్మంలో చేతులు జోడించి నిలబడి ఉంది.

"నా ఎరుకల రెండుసార్లు పోసుడు ఎన్నడు సూడలె బిడ్డా. నీ మొగడంటే అమ్మకు ఎంత ఇష్టమో సూడు. ఇగ అమ్మ మనసు సల్లబడేదాక నేను గీడనే ఉంట. వంట నాదే, నువ్వు ఏ పని ముట్టకు."

"నవనీతా, నువ్వన్న నిజం జెప్పవే!" అని లోపలినుంచి జనార్దన్ మూలిగాడు.

సర్కారు టీచరు ఉద్యోగాల డీఎస్సీ పరీక్షకు ఇంకా నెలన్నర ఉంది కాబట్టి, నవనీత ఆ మాట వినపడనట్టే ముందు గదిలోకి వెళ్ళి పుస్తకం తెరిచింది.